కూలెంట్ నిండుగానే ఉంది, అయినా ముల్లు పైకే

పోయిన ఏప్రిల్‌లో తల్లాడ దాటి కొత్తగూడెం వైపు పోతుంటే నా పాత డీజిల్ బండి టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. పొద్దున కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) చూసుకునే బయల్దేరాను. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడూ వినబడుతోంది. ఒక్కటే తేడా: వారం రోజులుగా ఏసీ సరిగ్గా చల్లబడటం లేదు. రెండూ ఒకే జబ్బని అప్పుడు తట్టలేదు.

అంతకుముందే ఒక మెకానిక్ "థర్మోస్టాట్ తీసి పారేద్దాం సార్, మన ఎండలకి అది దండగ" అన్నాడు. వద్దన్నాను. అది 82-88 డిగ్రీల దగ్గర తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు. తీసేస్తే పొద్దున్నే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అసలు జబ్బు దాక్కుంటుంది.

మర్నాడు బండి చల్లగా ఉన్నప్పుడు సెల్ టార్చి వేసి ముందు జాలీలోంచి చూశాను. శుభ్రంగానే ఉంది. కానీ అక్కడ కనిపించేది ఏసీ కండెన్సర్, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ. కూలెంట్‌ని చల్లబరిచే రేడియేటర్ దాని వెనక, రెండు వేళ్ల సందు వదిలి ఉంటుంది. పైనున్న ప్లాస్టిక్ మూత విప్పి ఆ సందులోకి టార్చి వేస్తే విషయం బయటపడింది. రబీ కోతలప్పుడు మా దగ్గర వడ్లు, మక్కలు రోడ్డు మీదే ఆరబోస్తారు కదా. ఆ పొట్టు, దుమ్ము, పురుగుల రెక్కలు కలిసి పిడకలా అట్టకట్టి ఉన్నాయి. గాలి ఎటు నుంచి పోవాలి?

బండి తాళంచెవి తీసి పక్కన పెట్టి (కొన్ని బండ్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, బ్యాటరీ వైరు కూడా తీస్తే మేలు) మొక్కలకు పోసే పైపుతో ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాను. వాటర్ సర్వీసింగ్‌లో కొట్టే ప్రెషర్ గన్ వద్దు, రేడియేటర్ సన్న రేకులు వంగిపోతాయి. పాత పళ్ల బ్రష్‌తో పైనుంచి కిందికే గీయాలి, అడ్డంగా కాదు. మూడు సార్లు కడిగితే చేటెడు పొట్టు రాలింది. తర్వాతి వారం అదే దారి, అదే ఎండ, ముల్లు సగం దగ్గరే ఆగిపోయింది. ఏసీ కూడా బాగుపడింది.

ఇక రేడియేటర్‌లో పోసే నీళ్ల సంగతి. బోరు నీళ్లు పోయకండి. గీజర్ కాయిల్‌కి పట్టే తెల్ల సుద్దే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పడుతుంది. చిక్కటి కూలెంట్ కొంటే డీమినరలైజ్డ్ (ఖనిజాలు తీసేసిన) నీళ్లతో సగం సగం కలపండి. కలిపి అమ్మేదైతే అలాగే పోయండి. రంగు చూసి కాదు, బండి పుస్తకంలో ఏ రకం రాశారో చూసి కొనండి. ఆ సగం సగం మిశ్రమం 107 డిగ్రీల ప్రాంతంలో మరుగుతుంది. రేడియేటర్ మూత ప్రెషర్ పట్టి ఉంచితే 120 దాటినా మరగదు. అందుకే మూత రబ్బరు పగిలితే అదే ప్రెషర్ అంకె ఉన్న కొత్త మూత వేయించండి.

దారిలో ముల్లు పైకి ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. చెమటతో తడిసిపోతారు గానీ ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. ఎర్ర గీత దగ్గరికి వస్తే మాత్రం పక్కకు తీసి ఇంజన్ ఆపేయాల్సిందే. బానెట్ ఎత్తి కనీసం అరగంట ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకండి. మా బావ అలా తిప్పే మోచేతి దాకా కాల్చుకున్నాడు. ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించినా హెడ్ (ఇంజన్ పై భాగం) చీలిపోవచ్చు.

ట్రాఫిక్‌లో వేడెక్కి హైవే మీద తగ్గితే ఫ్యాన్‌ని అనుమానించండి. ఆగి ఉన్న బండిలో ఏసీ వేస్తే అది తిరగాలి. హైవే మీదే వేడెక్కితే రేడియేటర్ లోపల పూడి ఉండొచ్చు, లేదా వాటర్ పంపు. ఎక్కడా చుక్క కారకుండానే వారం వారం కూలెంట్ తగ్గుతుంటే ఆయిల్ మూత తీసి చూడండి. అడుగున పాల టీ రంగు మీగడ కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు. లీకు ఆపే పొడులు పోయకుండా, బండిని స్టార్ట్ చేయకుండా, మెకానిక్ దగ్గరికి లాగించుకుని తీసుకెళ్లండి.