ఇంజిన్ ఆయిల్ శాంపిల్ తీసే ముందు జాగ్రత్తలు

లారీకి ఆయిల్ మార్చే గడువు పెంచాలనుకుంటే ముందు ల్యాబ్‌లో ఆయిల్ పరీక్ష చేయించండి. శాంపిల్ సరిగ్గా తీయకపోతే ఆ రిపోర్టే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

– బండి వారంటీలో ఉంటే కంపెనీ చెప్పిన గడువు దాటకండి.

– ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆపిన కొద్ది నిమిషాల్లోనే తీయండి. చల్లారితే లోహపు రజను అడుక్కి చేరుతుంది. గ్లౌజులు తప్పనిసరి.

– డ్రెయిన్ బోల్టు చుట్టూ మట్టి తుడవండి. మొదటి ధార వదిలేసి, మధ్యలో పట్టండి. సీసా కొత్తదై, పొడిగా ఉండాలి. తాగిన వాటర్ బాటిల్ కడిగి మాత్రం వాడొద్దు. కాస్త దుమ్ము పడినా రిపోర్టులో సిలికాన్ (దుమ్ములో ఉండే మూలకం) అంకె పెరుగుతుంది, ఎయిర్ ఫిల్టర్ పాడైందేమోనని అనవసర టెన్షన్.

– ఆయిల్ పోశాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, మధ్యలో ఎన్ని లీటర్లు కలిపారు అన్నది రాసి పంపండి. చాలామంది మర్చిపోయేది ఇదే. కొత్త ఆయిల్ కలిపితే ఇనుము పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలన్న లెక్క) తక్కువగా కనిపిస్తుంది, అంతమాత్రాన అరుగుదల తగ్గినట్టు కాదు.

– చిక్కదనం, టీబీఎన్ (ఆమ్లాలను తట్టుకునే శక్తి ఆయిల్‌లో ఎంత ఉందో చెప్పే అంకె) పోల్చడానికి వాడని ఆయిల్ కూడా కొంచెం పంపండి.

– ఒక్క రిపోర్టు చూసి గడువు పెంచకండి. వరసగా కనీసం మూడు చూడండి. సోడియం, పొటాషియం పెరిగితే కూలెంట్ లీకు కావచ్చు. అప్పుడు గడువు మాట పక్కనపెట్టి వెంటనే మెకానిక్‌కు చూపించండి.