కొత్త కాయిల్, ప్లగ్గులు వేశాకే కారు మిస్సింగ్ కొడుతోందా? ముందు ఇవి చూడండి

విజయనగరం టౌన్లో తిరిగినంతసేపూ నా వ్యాగనార్‌కి ఏ గొడవా లేదు. సాలూరు దాటి ఘాట్ ఎక్కడం మొదలెట్టగానే టప్‌టప్‌మని మిస్సింగ్ (ఒక సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండక ఇంజిన్ తడబడటం), యాక్సిలరేటర్ తొక్కినా పికప్ లేదు, వెనక లారీలోళ్ళు ఒకటే హారన్లు. పది రోజుల ముందే పెట్రోల్‌ని మండించే స్పార్క్ ప్లగ్గులు మార్పించా, వాటికి హై వోల్టేజ్ ఇచ్చే మూడు కాయిల్స్‌లో ఒకటి కూడా "ఎలాగూ విప్పాం కదా సార్, ఇదీ కొత్తది వేసేద్దాం" అంటే సరే అన్నా. కొత్తవి కదేటి అని వాటి మీద అనుమానమే రాలేదు. పెట్రోల్లో నీళ్ళున్నాయన్నారు, ఇంజెక్టర్లు క్లీన్ చేయించమన్నారు, రెండూ చేయించా, డబ్బులు పోయాయి గానీ మిస్సింగ్ పోలేదు. చివరికి చూస్తే ఆ కొత్త కాయిలే.

అందుకే చెప్తున్నా, పార్టు మార్చిన కొద్ది రోజులకే మిస్సింగ్ మొదలైతే మొదటి అనుమానం ఆ కొత్త పార్టు మీదే పెట్టుకోండి.

ఐడిల్లో బాగుండి లోడ్ మీద మాత్రమే కొడితే అది ఎక్కువగా వీక్ స్పార్క్ లక్షణం. ఎందుకంటే ఎత్తు ఎక్కేటప్పుడు, ఏసీ వేసి నలుగురు కూర్చున్నప్పుడు సిలిండర్లో ప్రెజర్ పెరుగుతుంది, ఆ ప్రెజర్లో ప్లగ్ గ్యాప్ దాటి స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, నాసిరకం కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. కాబట్టి ఇంటి ముందు స్టార్ట్ చేసి, బాగానే ఉంది కదా అని వదిలేయకండి. ఇంకోటి, చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఆరి వెలిగి ఆరి బ్లింక్ అవుతుంటే బండి అలాగే తోలొద్దు, కాలని పెట్రోల్ సైలెన్సర్ వైపు పోయి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది, అది మార్చాలంటే చాలా ఖర్చు.

కారు కంప్యూటర్ నమోదు చేసిన తప్పు కోడ్‌ని ఫోన్లో చూపించే బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కోండి, చవకవి వెయ్యి లోపే దొరుకుతాయి. పి0300 అంటే ఏ సిలిండరో తేలకుండా మిస్ అవుతోందని, పి0301 అంటే ఒకటో సిలిండర్, పి0302 అంటే రెండోది, అలా. నాకు పి0302 వచ్చింది.

ఇప్పుడు అసలు పరీక్ష, దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదాంట్లో పెట్టి, మూడోది రెండోదాంట్లో పెట్టండి, కోడ్ క్లియర్ చేసి మళ్ళీ లోడ్ మీద తోలండి. కోడ్ పి0303కి మారిందా, తప్పు కాయిల్‌దే, కాయిల్‌తో పాటే రోగం కదిలింది. మారలేదా, ఇప్పుడు అదే పద్ధతిలో ప్లగ్గులు అటూ ఇటూ మార్చి చూడండి. అప్పటికీ అదే సిలిండర్ అంటే వైరింగ్ కనెక్టరు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. రెండూ ఒకేసారి మార్చేయకండి, ఏది కదిలిందో తెలీదు. ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ పీకి చూసే అలవాటు కొందరికి ఉంది, దయచేసి వద్దు, వేల వోల్టులు.

ప్లగ్ తీసినప్పుడు తెల్ల పింగాణీ మీద నిలువుగా సన్నటి నల్లగీత ఉందేమో చూడండి, ఉంటే స్పార్క్ లోపల కాకుండా బయట నుంచి బాడీకి దూకుతోందని అర్థం. అలాంటప్పుడు కాయిల్ రబ్బరు బూటు లోపల కూడా అదే గీత ఉంటుంది, ప్లగ్ ఒక్కటే మారిస్తే మళ్ళీ అదే పని చేస్తుంది, బూటూ మార్చాలి. నట్టు పైన గోధుమ రంగు మరక మాత్రమే ఉంటే భయం లేదు. గ్యాప్‌ని సన్నటి రేకులుండే ఫీలర్ గేజ్‌తో కొలవండి, ఎంత ఉండాలో మీ కారు మాన్యువల్లో ఉంటుంది, ఎక్కువ కార్లకి 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్యలో. ఇరిడియం ప్లగ్గయితే నడుమ సన్నటి మొన మీద గేజ్ ఆనించి వంచొద్దు, విరిగిపోతుంది.

ప్లగ్ నంబర్ కూడా అక్షరం అక్షరం సరిచూడండి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ కోల్డ్ (వేడి త్వరగా వదిలేది), బాష్‌లో అంకె పెరిగేకొద్దీ హాట్ (వేడి పట్టి ఉంచేది), అందుకని ఒక బ్రాండ్ అంకె చూసి ఇంకో బ్రాండ్ కొంటే తిరగబడుతుంది. మర పొడవు తేడా వస్తే ఇంకా ప్రమాదం, పొడుగు ప్లగ్ పిస్టన్‌కి తగలొచ్చు.

పాత మారుతీ 800 లాంటి బళ్ళకి కాయిల్స్ విడివిడిగా ఉండవు, హెచ్‌టీ (హై వోల్టేజ్) వైర్లు, ఆ కరెంటుని వంతులవారీగా ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంటాయి. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి, ఇంజిన్ ఐడిల్లో పెట్టి, స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నగా నీటి తుంపర కొట్టండి, లీకున్న చోట నీలం మెరుపులు కనిపిస్తాయి. చేతులు మాత్రం దూరంగా ఉంచండి. మన కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పుగాలికి, వానాకాలానికి ఈ లీకులు త్వరగా బయటపడతాయి. కొత్త కార్లలోనైతే వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజే మిస్సింగ్ మొదలైతే ముందు ప్లగ్ గుంతల్లో నీళ్ళు నిలిచాయేమో చూడండి.

మార్చేసిన పాత పార్టులు మెకానిక్ దగ్గర వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి. నా పాత కాయిల్ డిక్కీలోనే ఉంది, తీసి మళ్ళీ అదే పెట్టా, కోడ్ క్లియర్ చేసి ఏసీ వేసుకుని అదే సాలూరు ఘాట్ మూడో గేర్లో ఎక్కా, ఒక్క జర్క్ లేదు, కోడ్ మళ్ళీ రాలేదు.