పిల్లలు తప్పిపోతే, ఎవరో వచ్చి తలుపు కొడితే ఏం చెయ్యాలో ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి

పోయిన జనవరిలో హైదరాబాద్‌లో ఏటా జరిగే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌లో మా చిన్నోడు తప్పిపోయాడు, ఆరేళ్ళు వాడికి. గాజుల స్టాల్ దగ్గర నేను పర్సులోంచి డబ్బులు తీస్తున్నా, తల తిప్పి చూస్తే లేడు. ఇరవై నిమిషాలు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తర్వాత మైకులో వాడి పేరు వినపడింది, ఎవరో స్టాల్ ఆమె తీసుకెళ్ళి అనౌన్స్‌మెంట్ చేసేవాళ్ళకి అప్పజెప్పిందట. అక్కడ "మీ అమ్మ పేరేంటి బాబూ" అంటే "మమ్మీ" అన్నాడట, నాన్న పేరు అడిగితే "డాడీ", ఇల్లెక్కడ అంటే "వాటర్ ట్యాంక్ పక్కన". మన సిటీలో ఎన్ని వాటర్ ట్యాంకులు! వాడి తప్పేం లేదు, మేం నేర్పలేదు. రైమ్స్ పదిహేను అప్పజెప్తాడు గానీ నా ఫోన్ నంబర్ మాత్రం రాదు.

అందుకే మొదట నంబర్. పది అంకెలు ఒకేసారి చెప్తే పిల్లలకి ఎక్కవు, ఐదు ఐదుగా విడగొట్టి పాటలాగా చెప్పించండి. మా ఇంట్లో ఇప్పుడు రూల్ ఏంటంటే ఫోన్‌లో కార్టూన్ కావాలంటే ముందు నా నంబర్ చెప్పాలి, వారంలో వచ్చేసింది. దాంతోపాటు అమ్మా నాన్నల అసలు పేర్లు, కాలనీ పేరు, దగ్గర్లో అందరికీ తెలిసిన గుడో స్కూలో చెప్పడం రావాలి. మరీ చిన్నపిల్లలైతే చొక్కా లోపలివైపు నంబర్ రాసి పంపండి, బయటికి కనపడేలా పేరు మాత్రం రాయకండి, పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాళ్ళే అనుకుంటారు.

రెండోది, తప్పిపోయావని తెలిసిన చోటే నిలబడు, నేనే వెతుక్కుంటూ వస్తా అని చెప్పండి. వాడు మనకోసం, మనం వాడికోసం తిరుగుతూ ఉంటే ఎదురుపడటం కష్టం. రోడ్డు మీదైతే మాత్రం పక్కకి జరిగి ఏదైనా షాపు ముందు నిలబడాలి. "అమ్మా" అని అరిస్తే జనంలో అందరమ్మలూ తిరుగుతారు, అందుకే నా పేరు పెట్టి అరవమని చెప్పాను, మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత అలవాటైంది.

"తెలియనివాళ్ళతో మాట్లాడకు" అని మనందరం చెప్తాం కదా, కానీ తప్పిపోయిన పిల్లకి చుట్టూ ఉన్నవాళ్ళందరూ తెలియనివాళ్ళే, మరి ఎవర్ని అడగాలి? మేం మా వాడికి చెప్పింది ఇది: నీ దగ్గరికి వచ్చినవాళ్ళతో కాదు, నువ్వు ఎంచుకున్నవాళ్ళతో మాట్లాడు. కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న అమ్మలు, యూనిఫాంలో ఉన్న పోలీస్, వీళ్ళలో ఎవరినైనా అడుగు. ఎవరన్నా "రా, మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తా" అని బండో ఆటోనో ఎక్కమంటే ఎక్కొద్దు, "ఇక్కడి నుంచే మా అమ్మకి ఫోన్ చెయ్యండి" అనాలి.

మెట్రోలో ఇంకో సంగతి. అమీర్‌పేటలో రెండు లైన్లు కలుస్తాయి, ఆ రష్‌లో మనం ఎక్కేసి పిల్లలు ప్లాట్‌ఫాం మీద ఉండిపోవచ్చు, లేదా వాళ్ళు ఎక్కేసి మనం మిగిలిపోవచ్చు. ప్లాట్‌ఫాం మీద ఉంటే అక్కడే నిలబడి గార్డుకి చెప్పాలి, మనం తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి వస్తాం. రైల్లో ఉండిపోతే తర్వాతి స్టేషన్లో దిగి ఆ ప్లాట్‌ఫాం మీదే ఆగాలి, మనమే అక్కడికి వస్తాం. మియాపూర్ వైపు పోతుంటే అమీర్‌పేట తర్వాత ఎస్సార్‌నగర్, ఆ పేరు రైలెక్కకముందే ఒకసారి చెప్పండి.

పెద్దవాళ్ళకి కూడా ఒక మాట. జనంలోకి, బోనాలకి గానీ ఖైరతాబాద్ గణేష్ దగ్గరికి గానీ పోయేముందు పిల్లల్ని ఆ రోజు వేసుకున్న బట్టల్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, కంగారులో చొక్కా రంగు కూడా గుర్తురాదు, నాకు రాలేదు. పిల్లలు కనపడకపోతే వెంటనే ఎమర్జెన్సీ నంబర్ 112కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, రైల్వే స్టేషన్లో అయితే 139కి గానీ ఫోన్ చెయ్యండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలి అని ఎవరన్నా చెప్తే నమ్మకండి, అట్లాంటి రూల్ లేదు. పిల్లలు కనపడట్లేదని కంప్లైంట్ ఇస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. మా ఏరియా కాదు అని పంపించెయ్యడం కూడా కుదరదు, ఏ స్టేషన్లో అయినా జీరో ఎఫ్ఐఆర్ రాయించుకోవచ్చు.

ఇంట్లో మతిమరుపు ఉన్న తాతయ్యో నానమ్మో ఉంటే వాళ్ళ జేబులో, కొంగు ముడిలో నంబర్ రాసిన కార్డు పెట్టండి, సీనియర్ సిటిజన్లకి 14567 అనే హెల్ప్‌లైన్ ఉంది.

ఇక తలుపు సంగతి. మధ్యాహ్నం మగవాళ్ళు ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి పోయాక వచ్చేవాళ్ళతో చాలా జాగ్రత్త. బంగారం మెరుగు పెడతాం అని వస్తారు చూడండి, ముందు ఇత్తడి దీపం కుందిని ఫ్రీగా తళతళా మెరిపిస్తారు, తర్వాత వెండి పట్టీలు, మనకి నమ్మకం కుదిరాక మెడలో గొలుసు అడుగుతారు. వాళ్ళ గిన్నెలో ఉండేది ఆసిడ్, నైట్రిక్ ఆసిడ్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కలిపితే అందులో బంగారం కరుగుతుంది, గొలుసు తిరిగిచ్చినా బరువు తగ్గిపోయి ఉంటుంది. కొందరు పసుపునీళ్ళ డబ్బాలో వేశాం, పది నిమిషాలాగి తియ్యండి అంటారు, తీసేసరికి గొలుసూ ఉండదు, వాళ్ళూ ఉండరు. తెలియనివాళ్ళ చేతికి బంగారం ఇవ్వొద్దు, ఎంత మర్యాదగా అడిగినా సరే.

గ్యాస్ చెకింగ్, కరెంట్ మీటర్, ఫైబర్ రిపేర్ అని ఎవరొచ్చినా గ్రిల్ గేటు వేసే ఉంచి మాట్లాడండి. మీరు కంప్లైంట్ పెట్టకుండా వచ్చారంటే బిల్లు మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి, వాళ్ళు ఇచ్చిన నంబర్‌కి కాదు. నిజంగా పనిమీద వచ్చినవాళ్ళు ఐదు నిమిషాలు ఆగుతారు. మీ ఫోన్‌కి వచ్చే సిలిండర్ డెలివరీ కోడ్ సిలిండర్ చేతికొచ్చాకే చెప్పండి. మంచినీళ్ళు అడిగితే పాపం ఇవ్వాలనిపిస్తుంది, ఇవ్వండి, గ్రిల్ సందులోంచి బాటిల్ ఇవ్వండి, లోపలికి రమ్మనొద్దు. ఉన్నట్టుండి మీ ఒక్క ఇంట్లోనే కరెంట్ పోతే గబుక్కున తలుపు తీసి మీటర్ దగ్గరికి పోకండి, మీరు తలుపు తియ్యాలని ఎవరో కావాలనే ఆపేసి ఉండొచ్చు, ముందు వాచ్‌మన్‌కి ఫోన్ చెయ్యండి.

పిల్లలు ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు తియ్యనే కూడదు, ఇంట్లో ఎవరూ లేరని కూడా చెప్పకూడదు. ఇంకా, ఇంట్లో అందరికీ తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి, వంకాయో చందమామో ఏదో ఒకటి. స్కూల్ గేటు దగ్గరికి ఎవరో వచ్చి "మీ అమ్మకి యాక్సిడెంట్ అయింది, నన్ను పంపించింది" అంటే, ఆ మాట చెప్తేనే కదలాలి. ఒకసారి బయట వాడితే మార్చెయ్యండి.

ఇదంతా చెప్తే సరిపోదు, ఆడించాలి. ఆదివారం మా ఆయన బయటికి పోయి బెల్ కొట్టి గొంతు మార్చి "కొరియర్" అంటాడు. మొదటిసారి మా వాడు ఎవరని కూడా అడక్కుండా గడియ తీసేశాడు. తిట్టలేదు, మళ్ళీ ఆడాం. నాలుగో ఆదివారం లోపలి నుంచే "అమ్మ పనిలో ఉంది అంకుల్, గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళండి" అన్నాడు. మా ఆయన మామూలు గొంతుతో "ఒరేయ్ నేనేరా, నాన్నని, తియ్యి" అన్నాడు. వీడు గడియ మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి, "అయితే మన మాట చెప్పు" అన్నాడు.