పేట శ్మశానం చరిత్రను రాసుకునే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పేరు చెక్కిన రాయి పెట్టే స్తోమత దళిత పేటల్లోని చాలా కుటుంబాలకు ఉండేది కాదు. అందువల్ల అక్కడి శ్మశానాల్లో ఎవరిని ఎక్కడ పూడ్చారన్న సంగతి పెద్దల నోటనే నిలిచి ఉంది. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కాబట్టి ఈ పనిని కచేరీ కాగితాలతో కాక మనుషులతో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం.

రాయి లేదు కనుక చరిత్ర లేదనుకోవడం ఎంత తప్పో న్యూయార్క్‌లో తేలింది. 1991లో మన్‌హాటన్ దక్షిణ భాగంలో ప్రభుత్వ భవనం కోసం తవ్వుతుండగా, 1790ల వరకు ఆఫ్రికన్ సంతతికి చెందిన బానిసలను, స్వతంత్రులను పూడ్చిన నేల బయటపడింది. 18వ శతాబ్దపు పటంలో ఆ స్థలం పేరు ఉన్నా, నగరం దానిమీద మట్టి పోసి కట్టుకుంటూ పోయింది. నల్లజాతి ప్రజలు పట్టుబట్టి తవ్వకాన్ని ఆపించారు. వెలికి తీసిన 419 మంది అవశేషాలను 2003లో తిరిగి అక్కడే ఖననం చేశారు, 2006లో ఆ స్థలం జాతీయ స్మారకమైంది.

ముందుగా పెద్దలను శ్మశానానికే తీసుకువెళ్ళి, నడుస్తూ చెప్పించుకోవాలి, ఎందుకంటే ఇంట్లో గుర్తురానిది ఆ చెట్టు దగ్గర గుర్తుకొస్తుంది. సంవత్సరం అడిగితే చెప్పలేకపోవచ్చు. 2018 తిత్లీ తుఫానుకు ముందా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడక ముందా, వారి పెళ్ళికి ముందా అని అడిగితే కాలం దానంతటదే తేలుతుంది. మన ప్రాంతంలో సింహాద్రి అప్పన్న పేరు, పైడితల్లి పేరు ఇంటింటా ఉంటాయి కాబట్టి ఒకే శ్మశానంలో నలుగురు అప్పన్నలు, ముగ్గురు పైడమ్మలు ఉండటం సహజం. అందుకే ఇంటిపేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊళ్ళో పిలిచిన పేరు, చేసిన పని విడివిడిగా రాయాలి. పసిపిల్లలను పూడ్చిన చోటు గురించి తల్లులనే, ఏకాంతంగా, తొందరపెట్టకుండా అడగాలి. క్రైస్తవ కుటుంబాలుంటే సంఘంలోని బాప్తిస్మ, భూస్థాపన రిజిస్టర్లు చూపించమని కోరాలి.

నేలను గడ్డి ఎండిన మాఘ ఫాల్గుణాల్లో పరిశీలించడం మేలు. జేసీబీతో శుభ్రం చేయించడం మాత్రం ఎన్నటికీ వద్దు, ఎందుకంటే తలవైపు పెట్టిన ఒట్టి బండరాళ్ళు, నేల కుంగిన పొడవాటి గుంటలు, ఎవరో నాటిన బిళ్ళగన్నేరు మొక్కలే అక్కడ గుర్తులు. అమెరికాలోని పాత నల్లజాతి శ్మశానాల్లోనూ ఇటువంటి గుంటలను, రాళ్ళను, నాటిన మొక్కలను బట్టే సమాధులను గుర్తిస్తారు. ఉదయపు ఏటవాలు ఎండలో ఫోటోలు తీస్తే చెరిగిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. రాతిని నీళ్ళతో, మెత్తని బ్రష్షుతో మాత్రమే కడగాలి. యాసిడ్, ఇనుప బ్రష్షు వాడితే మిగిలిన అక్షరాలూ పోతాయి.

ఆ తర్వాత రికార్డులు. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ పటం, శ్మశానం సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (భూమి హద్దులు, కొలతలు చూపే పటం), పాత అడంగల్ (ఏ సర్వే నంబరు భూమి ఎవరిది, ఎలా వాడుతున్నారో రాసే రికార్డు) నకళ్ళకు దరఖాస్తు చేయాలి, స్పందన లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. జమీందారీ గ్రామాలైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వే నంబర్ల వారీగా భూమి వివరాలతో తయారైన రికార్డు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, కీలకం. పాత కాగితాలు ఏ జిల్లా పేరు మీద ఉన్నాయో తెలియక చాలామంది వెనుదిరుగుతారు. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడిపోయింది, శ్రీకాకుళం పట్టణ ప్రాంతమైతే 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది, అప్పుడు ఆంగ్ల రికార్డుల్లో దాని పేరు చికాకోల్.

రికార్డులో శ్మశానమని ఉన్న విస్తీర్ణానికీ నేల మీద మిగిలిన విస్తీర్ణానికీ తేడా కనిపిస్తే, సర్వేయరు చేత హద్దులు కొలిపించమని పేట పెద్దల సంతకాలతో వెంటనే అర్జీ పెట్టాలి. పేర్ల పట్టికను, సమాధుల చిత్తుపటాన్ని మూడు ప్రతులు తీసి, ఒకటి పేట సంఘంలో, ఒకటి పంచాయతీలో, ఒకటి చదువుకుంటున్న పిల్లలున్న ఇంట్లో ఉంచి, ఇకపై జరిగే ప్రతి ఖననాన్ని అదే రోజున అందులో నమోదు చేయాలి.