ఎండాకాలంలో సిస్‌ప్లాటిన్ కీమో: కిడ్నీల విషయంలో జాగ్రత్తలు

నోరు, గొంతు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు రేడియేషన్‌తో పాటు వారం వారం ఎక్కించేది ఎక్కువగా సిస్‌ప్లాటినే. 1978లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు మూత్రంలో బయటికి పోతూ పోతూ కిడ్నీ గొట్టాల కణాల్లో పేరుకుని వాటిని దెబ్బతీస్తుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో డోసులుంటే ముందే సిద్ధపడాలి.

రక్తపరీక్ష రిపోర్టులో క్రియాటినిన్ (కండల్లో తయారై కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం) 'నార్మల్' అని ఉంటే సరిపోదు. 65 ఏళ్ల ఆవిడ, బరువు 42 కిలోలు, క్రియాటినిన్ 1.0 అనుకుందాం. 140 లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించండి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో గుణించాలి. ఈవిడ కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం నిమిషానికి 37 మి.లీ. అని తేలుతుంది! పూర్తి డోసుకు మామూలుగా 50–60 అయినా ఉండాలంటారు. కండ తక్కువున్న ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె మోసం చేస్తుంది. ఇలాంటివారికి డోసు తగ్గించాలా, ఇదే కోవకు చెందిన కార్బోప్లాటిన్ మందుకి మార్చాలా అని డాక్టర్‌ని తప్పక అడగండి.

మందుకు ముందూ తర్వాతా పెట్టే సెలైన్, అందులో కలిపే మెగ్నీషియం, పొటాషియం కిడ్నీల రక్షణకే. బస్సు టైమైందని సగంలో తీయించుకోవద్దు, స్పీడు పెంచమనొద్దు.

అసలు ప్రమాదం ఇంటికి వచ్చాక, రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా. వాంతులు అప్పుడే మళ్లీ మొదలవుతాయి. వాంతుల మాత్రలు రాసిచ్చినన్ని రోజులూ టైముకి వేసుకోవాలి, తగ్గిందని మానేయకూడదు. గుండెజబ్బు లేనివారు రోజుకు రెండున్నర లీటర్ల దాకా నీళ్లు, పల్చటి మజ్జిగ, ఓఆర్‌ఎస్ కొంచెం కొంచెంగా తాగుతుండాలి. కిడ్నీలు ముందే దెబ్బతిని ఉంటే కొబ్బరినీళ్లు డాక్టర్‌ని అడిగాకే, వాటిలో పొటాషియం ఎక్కువ.

ఊళ్లో ఒళ్లునొప్పులకు వేసే డైక్లోఫెనాక్ సూది, అసిక్లోఫెనాక్ మాత్ర, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు, పసరు మందులు వద్దే వద్దు. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు తీసేవి, వాంతులప్పుడు ఆపాలో లేదో ఫోన్‌ చేసి కనుక్కోండి. కాంట్రాస్ట్ స్కాన్ (నరంలోకి మందు ఎక్కించి తీసేది) రాస్తే కీమో నడుస్తోందని ముందే చెప్పండి.

నీళ్లు కడుపులో నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, జ్వరం 100.4 దాటినా తెల్లారేదాకా ఆగొద్దు. పిక్కలు పట్టేస్తున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా మెగ్నీషియం పడిపోయి ఉండొచ్చు. అది సరిచేయకుండా పొటాషియం ఎంత ఇచ్చినా నిలబడదు, కాబట్టి ప్రతి డోసుకు ముందు క్రియాటినిన్‌తో పాటు ఈ రెండూ చేయించండి.