చలికాలంలో ఇద్దరే మొదటిసారి విదేశం పోతున్నారా? ఆగమాగం కాకుండా ఇలా ప్లాన్ చేసుకోండి

మిర్యాలగూడలో మాది మిల్లు పని. వానాకాలం వడ్లు దిగడం మొదలైతే డిసెంబర్ దాకా మా ఆయన అన్నం కూడా నిలబడే తింటారు, అందుకే మా తిరుగుళ్లన్నీ సంక్రాంతి దాటాకే. ఇప్పటికి నాలుగు చలికాలాలు ఇద్దరమే పోయొచ్చాం. చుట్టాల్లో ఆరేడు జంటలకు నేనే కూర్చుని ప్లాన్ వేసిచ్చాను, అందులో సగం మంది దాన్ని తీసుకెళ్లి ఇంకో నాలుగు ఊళ్లు ఇరికించి చెడగొట్టుకున్నారు. పోయినేడు మా మరిది, తోటికోడలు నా మాట కాదని ఒక ప్యాకేజీలో తొమ్మిది రోజులకు ఆరు దేశాలు చూసొచ్చారు. ఇంటికొచ్చాక ఫోన్‌లో ఫొటోలు చూపిస్తూ ఆమె "ఇది ఏ ఊరండీ?" అని అడిగితే ఆయన "టైము చూడు, పొద్దుగాల తీసిందైతే రెండో దేశం, చీకటి పడ్డాకైతే మూడోది" అన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఇది రాసి పెట్టాలని.

నేను ఆస్ట్రియానే ఉదాహరణగా చెప్తాను. వియన్నాలో ఐదు రాత్రులు, సాల్జ్‌బర్గ్‌లో మూడు రాత్రులు, అంతే. మొదటిసారికి రెండు ఊళ్లకు మించి వద్దు, దీని మీద నాతో వాదించకండి.

ఎప్పుడు పోవాలి

జనవరి మూడో వారం తర్వాత. క్రిస్మస్ మార్కెట్లు ఉండవు కదా అంటారు. ఉండవు, వాటితోపాటు ఆ రేట్లూ ఉండవు, ఆ జనమూ ఉండరు. డిసెంబర్ 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా దుకాణాలు మూసేస్తే బ్రెడ్డు ముక్క కోసం స్టేషన్‌కు పరుగెత్తే బాధా ఉండదు. పైగా జనవరి మూడో వారం అటూఇటుగానే వియన్నా టౌన్‌హాల్ ముందు మంచు మీద జారే రింకు మొదలవుతుంది. మీరు జారక్కర్లేదు, పక్కన నిలబడి వేడిగా ఏదైనా తాగుతూ చూస్తే చాలు.

పాస్‌పోర్టు, వీసా, టికెట్లు

పాస్‌పోర్టుకు నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే సేవా కేంద్రాలున్నాయి. పాన్, ఆధార్, పాస్‌పోర్టు మూడింట్లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ముందు చూసుకోండి, మన ఆడవాళ్లకు ఒకదాంట్లో పుట్టింటిది, ఇంకోదాంట్లో అత్తింటిది ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్ తీసి పెట్టుకోండి.

షెంజెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు చార్జి వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజులకన్నా దగ్గరపడితే తీసుకోరు. కనీసం 30,000 యూరోల కవరు ఉన్న ఇన్సూరెన్సు తప్పనిసరి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే ఆ దేశానికే అప్లై చేయాలి, కాబట్టి ఒకే దేశం పెట్టుకుంటే ఈ తలనొప్పే లేదు. నగదు వ్యాపారం చేసేవాళ్లకు ఒక్క మాట: బ్యాంకులో బాకీ పైసలు తెచ్చి అప్లికేషన్‌కు వారం ముందు ఒకేసారి వేయకండి, స్టేట్‌మెంట్‌లో అది ఎద్దు కొమ్ములా కనపడుతుంది. సర్కారు ఉద్యోగులు ఎన్‌ఓసీ కాగితం ముందే పెట్టుకోవాలి.

టికెట్ గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో తీసుకోండి. ఢిల్లీ మీదుగా మాత్రం వద్దు, జనవరిలో అక్కడి పొగమంచుకు విమానాలు గంటలకు గంటలు ఆగిపోతాయి, మీ రెండో విమానం మీ కోసం ఆగదు. మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి. యూరప్‌లో దిగి మారేటట్టయితే మధ్యలో మూడు గంటలు పెట్టుకోండి, 2025 అక్టోబర్ నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ఫొటో తీసే కొత్త పద్ధతి మొదలుపెట్టారు, మొదటిసారి పోయేవాళ్లకు అక్కడ టైము పడుతుంది. హోటల్ రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయండి, మెట్రోకు నడిచే దూరంలో ఉంటే చాలు, ఊరి నడిబొడ్డున అక్కర్లేదు.

ఇదంతా సులువు. ఎవరైనా చేస్తారు.

రోజుల లెక్క: అందరూ పాడు చేసేది ఇక్కడే

ఇక నెమ్మదిగా చదవండి.

చలికాలంలో వియన్నా గడియారం మనకన్నా నాలుగున్నర గంటలు వెనక. జనవరి మూడో వారం దాటేసరికి అక్కడ పొద్దు పొడిచేది ఏడున్నరకు, కుంకేది నాలుగూ నలభైకి. నాలుగూ నలభై అంటే మన దగ్గర రాత్రి తొమ్మిది దాటుతుంది. మీ ఒళ్లు పడుకునే వేళయిందని చెప్తుంటే, ఆకాశం కూడా అవునవునంటుంది. వేసవిలో పోయినవాళ్లకు ఈ బాధ తెలియదు, వాళ్లకు రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, ఆ వెలుగుకు ఒళ్లు మోసపోయి తిరుగుతుంది. అందుకే జూన్‌లో పోయొచ్చిన మీ ఫ్రెండ్ ఇచ్చిన ప్లాన్‌ను జనవరికి వాడకండి. ఊరు అదే, రోజు మాత్రం సగమే.

మాకు ఈ లెక్క తెలియక మొదటిసారి ఏం చేశామంటే, దిగిన రోజే రాత్రి ఎనిమిదింటికి సంగీత కచేరీకి టికెట్లు కొన్నాం. ఎనిమిది అంటే మన పన్నెండున్నర. రెండో పాటకే మా ఆయన గురక మొదలుపెట్టారు, మామూలు గురక కాదు, మిల్లు గురక. పక్క సీటు పెద్దావిడ పాపం ఆయనకు గొంతు బాగాలేదనుకుందేమో, పర్సులోంచి ఒక బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది. రెండు క్వింటాళ్ల సన్నబియ్యం పైసలు పోసి నిద్రపోయొచ్చాం.

కాబట్టి ఫోన్‌లో కాదు, ఒక ఠావు కాగితం మీద రాయండి. ఫోన్ యాప్‌లో ఎన్నైనా పడతాయి, కిందికి జరుపుకుంటూ పోవచ్చు, అదే దాని దరిద్రం. కాగితం మీద ఒక్కో రోజుకు ఒక గీత గీసి, ఒక చివర తొమ్మిది, ఇంకో చివర నాలుగున్నర అని వేయండి. ఆ గీత మీద ఆరుబయట పని ఒక్కటే పెట్టాలి. షోన్‌బ్రున్ ప్యాలెస్ అంటే ఆ రోజుకు షోన్‌బ్రున్ ఒక్కటే. అది పది నుంచి రెండున్నర మధ్య అయిపోవాలి. తర్వాత తిండి, చీకటి పడ్డాక కప్పు కింద కూర్చునేదేదైనా ఒకటి, ఆరున్నరకల్లా రూముకు.

ఒక్కటేనా అంటారు. చలికాలంలో ప్రతి చోటా కనపడని టైము పోతుంది. లోపలికి పోతే కోటు, టోపీ, గ్లోవ్స్ తీసి కోట్లు దాచే చోట ఇవ్వాలి, బయటికొచ్చేటప్పుడు మళ్లీ అన్నీ తొడగాలి, ఒక గ్లోవ్ దొరకదు, ఇంతలో ఒకరికి బాత్రూం గుర్తొస్తుంది, దానికి చిల్లర కావాలి, చిల్లర కోటు లోపలి జేబులో ఉంటుంది. ఎక్కి దిగిన ప్రతి చోటా ఇరవై నిమిషాలు ఇలా పోతాయని రాసి పెట్టుకోండి. నాలుగు చోట్లు తిరిగితే ఉన్న వెలుగులో గంటా ఇరవై నిమిషాలు బటన్లు పెట్టుకోవడానికే పోయాయి.

ఇప్పుడు ఎవరి ఇష్టాలు వాళ్లు. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని రాయొద్దు, వేరువేరుగా రాయండి, తలా మూడే. ఎదురెదురుగా రాస్తే ఒకరు రాసిందానికి ఇంకొకరు "సరే" అంటారు, ఆ సరే అక్కడికి పోయాక మూడో రోజు నడిరోడ్డు మీద కోపమై బయటికొస్తుంది. మా ఆయన జాబితాలో మొదటిది రైలు. నాది కాఫీ హోటల్లో కూర్చోవడం. నవ్వకండి, ఒక కప్పు కాఫీ చెప్తే వెండి పళ్లెంలో పక్కన గ్లాసు నీళ్లు పెట్టి ఇస్తారు, గంటసేపు కూర్చున్నా బిల్లు మీరు అడిగితే తప్ప తేరు. వియన్నా కాఫీ హోటళ్ల సంస్కృతిని 2011లో ఆస్ట్రియావాళ్లు తమ వారసత్వ జాబితాలో చేర్చుకున్నారు కూడా. తర్వాత ఒకరు కొత్తది రాయాలంటే తమదే ఒకటి కొట్టేయాలి. ఎదుటివాళ్లది కొట్టేసే హక్కు లేదు.

వారాలు చూసుకోవడం మర్చిపోకండి. ఆదివారం అక్కడ దుకాణాలు మూతే, సూపర్‌మార్కెట్లతో సహా, పెద్ద స్టేషన్లలోవి తప్ప. సోమవారం పెద్ద ఆర్ట్ మ్యూజియంకు సెలవు. అందుకే నేను సోమవారం సెమ్మరింగ్ పెడతాను. వియన్నాలో మంచు పడుతుందని గ్యారంటీ లేదు, మంచు తొక్కి రావాలన్న ఆశ ఉంటే రైలెక్కి గంటా పావులో ఈ కొండకు పోవాలి. 1854లో పూర్తయిన రైలు దారి అది, కొండల్లో రాతి వంతెనల మీదుగా మెలికలు తిరుగుతూ పోతుంది, 1998లో యునెస్కో జాబితాలో చేరింది. మా ఆయన దిగలేదు, కిటికీకి అతుక్కునే ఉన్నారు, నేనే రెక్క పట్టి దింపాను. ఆదివారం పోతే పిల్లాజెల్లా జారుడుబండ్లతో వచ్చిన జనం ఉంటారు.

హాల్‌స్టాట్ వద్దు. ఫొటోల్లో బాగుంటుంది, నిజమే. సాల్జ్‌బర్గ్ నుంచి పోను రాను ఐదు గంటలు, చలికాలంలో ఆ ఊరు కొండ నీడలో ఉంటుంది, మిగిలిన వెలుగులో మీరు తీసుకునేది అందరూ తీసుకునే ఆ ఒక్క ఫొటోనే. దానికన్నా సాల్జ్‌బర్గ్‌లోనే కొండ మీది కోట ఎక్కి, నది ఒడ్డున నడవండి. వియన్నా నుంచి రైలులో రెండున్నర గంటలే, టికెట్ ముందే కొంటే చవక.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఖాళీ పూట. నాలుగో రోజు మధ్యాహ్నం నుంచి కాగితం మీద ఏమీ ఉండకూడదు. నేను ప్లాన్ వేసిచ్చిన ప్రతి జంటా చెడగొట్టింది ఈ గడినే. ఖాళీ కనపడితే మనవాళ్ల చేతులు ఊరుకోవు. "పక్క దేశం స్లొవేకియాలోని బ్రాటిస్లావా గంట దూరమే అంట, ఇంకో దేశం స్టాంపు పడుతుంది" అంటారు. పడదు. రెండూ షెంజెన్ లోపలే, మధ్యలో స్టాంపు వేసే మనిషే ఉండడు. ఆ గడిలో పెద్దక్షరాలతో "పని ఉంది" అని రాయండి, పని ఏంటని ఎవరైనా అడిగితే చెప్పకండి. ఆ పూట మేం ట్రామ్ ఎక్కి చివరి స్టాపు దాకా పోయి అదే ట్రామ్‌లో వెనక్కి వస్తాం. కాళ్లకు విశ్రాంతి, కళ్లకు ఊరు.

ఇంకో సంగతి, మొదటి నాలుగు రోజులు మూడున్నరకే మెలకువ వస్తుంది. మన ఎనిమిది అది. బలవంతంగా పడుకోవాలని దొర్లకండి, టెన్షన్ పడి మాత్రలు వేసుకోకండి. చిన్న కరెంటు కెటిల్ తీసుకెళ్లండి, అక్కడా 230 వోల్టులే, సన్నటి రెండు పిన్నులదైతే ప్లగ్గు కూడా సరిపోతుంది. టీ పెట్టుకుని, ఇంటికి ఫోన్ చేసి, మిల్లు లెక్క అడిగేసి, కిటికీ దగ్గర కూర్చోండి. మా పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఇద్దరం అంతసేపు మాట్లాడుకున్నది ఆ కిటికీల దగ్గరే.

బట్టలు, తిండి

ఒక్క లావు స్వెటర్ కాదు, పల్చటివి మూడు పొరలు. లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన గాలి దూరని కోటు. బయట సున్నా ఉంటే లోపల హీటరు పెట్టి మన నవంబర్‌లా ఉంచుతారు, తీయడానికి వీలు లేకపోతే ఉడికిపోతారు. కాటన్ బనియన్ వద్దు, చెమట పట్టి తడిగా ఒంటికి అంటుకుని అదే చలి పుట్టిస్తుంది. బూట్లు ఒక సైజు పెద్దవి, అడుగున పట్టున్నవి, రెండు నెలల ముందే కొని రోజూ తొడుక్కుని నడవండి. మేం సాగర్ ఎడమ కాలువ కట్ట మీద నడిచేవాళ్లం, కోతల కాలంలో ఆ బూట్లు చూసి కూలీలంతా నవ్వేవాళ్లు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ గబుక్కున దిగిపోతుంది.

తిండికి మామిడి తొక్కు, పల్లీల పొడి, సంక్రాంతి సకినాలు. సకినాలు కవర్లో వేస్తే పిండిగా దిగుతాయి, స్టీలు డబ్బాలో సర్ది చేతి సంచిలో పెట్టుకోండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయండి, మాంసం, పాల పదార్థాలు బయటి దేశాల నుంచి యూరప్‌కు తేనివ్వరు. నీళ్ల బాటిళ్లు కొనకండి. నేను పుట్టింది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టినవాళ్ల మధ్య పెరిగినదాన్ని, కుళాయి నీళ్లంటే నాకు నమ్మకం లేదు. కానీ వియన్నాకు 1873 నుంచి ఆల్ప్స్ కొండల ఊటనీళ్లే పైపుల్లో వస్తున్నాయి, సెమ్మరింగ్ పోయే దారిలో కనపడే కొండలవే. హోటల్ బాత్రూం కుళాయి కింద చేయి పెట్టి తాగాను. పళ్లు జివ్వుమన్నాయి, తీపిగా ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో కోట్లు చేతిలో పట్టుకోకండి. శంషాబాద్‌లో దిగగానే సూట్‌కేసు తెరిచి లోపల కుక్కేయండి, లేకపోతే నార్కట్‌పల్లి దాటి ఇంటికి చేరేదాకా కారులో ఒళ్లో పెట్టుకుని చెమటలు కక్కాలి.