రాజమండ్రిని నడిచి చూడాలంటే ఎలా?

స్టేషన్ దగ్గర ఆటో మాట్లాడుకోవడం, రెండు ఘాట్లు, మూడు గుళ్లు చూసేసి సాయంత్రానికి రైలెక్కేయడం. రాజమండ్రి వచ్చేవాళ్లలో చాలామంది చేసేది ఇదే. అలా చూస్తే గోదావరి కనిపిస్తుంది గానీ ఊరు కనిపించదు. 2015లో పేరు రాజమహేంద్రవరంగా మారినా జనం నోట్లో ఇంకా రాజమండ్రే అయిన ఈ ఊరిని నడిచి చూడాలి. దారి తప్పుతామన్న బెంగ వద్దు. నది ఊరికి పడమర ఉంది. గట్టు ఎటో తెలిస్తే మీరెక్కడున్నారో తెలిసినట్టే.

ముందు రోజును రెండుగా విడగొట్టండి

పొద్దున్నే బయల్దేరి పదకొండింటికల్లా నీడకు చేరాలి. మళ్లీ నాలుగున్నర దాటాకే బయటికి రావాలి. మధ్యలో భోజనం, కునుకు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రయత్నమే వద్దు. ఎండకు తోడు ఉక్కపోత మనిషిని పిండేస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. వరదల రోజుల్లో వస్తే ఎర్రనీళ్లు చూడొచ్చు గానీ మెట్లు దిగకండి. గుళ్ల దగ్గర ఇట్టే విడిచి తొడుక్కోగలిగే చెప్పులు వేసుకోండి. అయితే ఘాట్ మెట్ల మీద పాచి ఉంటుంది, అవి జారకూడదు కూడా.

గట్టు మీద మొదలుపెట్టండి

తెల్లారేసరికి పుష్కర్ ఘాట్ దగ్గరుండాలి. గోదావరి స్టేషన్‌కి ఇది దగ్గర. సూర్యుడు మీ వీపు వెనక లేస్తాడు కాబట్టి వెలుగంతా నది మీదా, వంతెనల మీదా పడుతుంది. ఫొటోలు తీసుకునేది అప్పుడే. సాయంత్రం ఎండ కళ్లలో కొడుతుంది.

కాసేపు మెట్ల మీద ఊరికే కూర్చోండి. కార్తీకమాసమైతే ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదులుతుంటారు. దొప్పని నీళ్ల మీద పెట్టి వదిలేయరు. అరచేత్తో నీటిని మెల్లగా తోస్తారు. ఆ అల మీద దీపం లోపలికి సాగుతుంది. లేకపోతే తిరిగి మెట్టుకే వచ్చి తగులుతుంది.

ఎదురుగా కనిపించే పాత వంతెన హేవలాక్ బ్రిడ్జి. 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి. పక్కనే కమానులతో ఉన్నదాని మీద ఇప్పుడు రైళ్లు నడుస్తున్నాయి. గూడ్సు బండి వస్తే అది దాటేదాకా చూసి కదలండి. 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన వేరే ఉంది. పైన బస్సులు, కింద రైళ్లు. దాని మీద నడిచే సరదా మాత్రం పెట్టుకోకండి, వాహనాల రద్దీలో చూసేదేమీ ఉండదు.

తర్వాత మార్కండేయస్వామి గుడి, ఆపైన టిఫిను. పెసరట్టు ఉప్మా చెప్పండి, అల్లం చట్నీ మళ్లీ అడిగి వేయించుకోండి.

ఊళ్లోకి రండి

కోటగుమ్మం మీదుగా మెయిన్ రోడ్డు పట్టుకోండి. రోజ్ మిల్క్ తాగకుండా ఈ రోడ్డు దాటితే వచ్చినట్టు లెక్క కాదు.

ఇక్కడ దారి అడిగే పద్ధతి ఒకటుంది. "ఎంత దూరమండీ?" అంటే "ఆయ్, పక్కనేనండి, తిన్నగా ఎల్లిపోండి" అంటారు. ఆ పక్కన ఒక్కోసారి కిలోమీటరు ఉంటుంది. "నడిస్తే ఎంతసేపు పడుతుందండీ?" అని అడగండి, సరైన జవాబు వస్తుంది.

కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు అడిగి వెళ్లండి. ఈ ఊళ్లోనే 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరంతా ఎదురు తిరిగిన రోజులవి.

ఒక్కచోటే ఎక్కువసేపు గడపగలిగితే నా ఓటు దామెర్ల రామారావు చిత్రశాలకే. 1897లో పుట్టిన ఈ చిత్రకారుడిలోని ప్రతిభను ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి ప్రోత్సహించారు. బొంబాయిలో చదువుకొచ్చి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయాడు. గబగబా గదులు తిరక్కుండా ఏవైనా రెండు బొమ్మల ముందు నిలబడండి. సెలవులు, వేళలు ముందురోజే అడిగి ఉంచుకోండి, తాళం చూసి వెనక్కి రావడం ఎవరికీ ఇష్టం ఉండదు.

సాయంత్రం

చీరల మీద మోజుంటే తాడితోట. బేరమాడే ఓపిక లేకపోతే తిన్నగా గట్టుకు వచ్చేయండి. కొవ్వూరు వైపు పొద్దు గుంకుతుంది, ఆ తర్వాత పుష్కర్ ఘాట్‌లో హారతి. ముందు వరసలో చోటు కావాలంటే అరగంట ముందే కూర్చోవాలి.

మర్నాడు కూడా ఉంటే ధవళేశ్వరం వెళ్లండి. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన చోటు. డెల్టాకు నీరు మళ్లేది అక్కణ్నించే. కాటన్ మ్యూజియం కూడా అక్కడే. అంత దూరం నడవక్కర్లేదు, బస్సో ఆటోనో ఎక్కండి. ఆటో అయితే తిరుగు ప్రయాణానికి కూడా కలిపి ముందే మాట్లాడుకోండి.